కొమ్ము మబ్బు

మాఘ శుద్ధ ద్వాదశి. ఆరో బాయి.

ఈ పుస్తకంలో రాసేవాళ్ళకు ఒకటే షరతు. కళ్ళతో చూసింది మాత్రమే రాయాలి. చెవిన పడిందైతే పక్కన ‘విన్నది’ అని రాయాలి. బయటి ఊరు చూసి తిరిగొచ్చిన మర్నాడు భోజనశాలలో నిలబడి అందరికీ చదివి వినిపించాలి. అక్కడ తీసిన ఫొటో బొమ్మలు తేవడానికి వీల్లేదు. బొమ్మలదేముంది, ఎవరు కావాలంటే వాళ్ళు తయారుచేస్తారు, మా బాయిలో వాటిని చంటిపిల్లలు కూడా నమ్మరు. మనిషి నిలబడి చెబితేనే నమ్ముతారు. నలభై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

నా పేరు ఓదెలు. ఈ మంచుబాయిలో, అంటే మంచు తవ్వే గనిలో, టబ్బుల టైము రాస్తాను. మంచు నింపిన టబ్బు పట్టాల మీద ఎప్పుడు కదలాలి, ఏ మలుపు దగ్గర ఎంతసేపు ఆగాలి అన్నది ముప్పై ఏళ్ళుగా నేను గీసిన పట్టీ ప్రకారమే జరుగుతోంది. ఇంతవరకు రెండు టబ్బులు గుద్దుకోలేదు. గొప్ప కోసం రాయడం లేదు అని రాద్దామనుకున్నాను కానీ, ఈ పుస్తకంలో అబద్ధం కుదరదు.

రేపు నేనూ మా అక్క సారక్కా నెలపట్నం చూడబోతున్నాం. మూడు రోజుల సెలవు. ఆరేళ్ళకోసారి ఇద్దరికి ఈ వంతు వస్తుంది. మా బాయి చంద్రుడి వెనకవైపున, ఎండ పడని గుంతలో ఉంది. ఇక్కడి నుంచి భూమి ఏనాడూ కనిపించదు. నెలపట్నం భూమికి ఎదురుగా ఉన్న వైపు. అక్కడ కూడా జనం నేల కిందే బతుకుతారట (విన్నది), కాని ఊరి మధ్యలో ఒక గోపురం కట్టి, దాని పైకప్పుకు అద్దం పెట్టారు. దాన్ని భూమిగది అంటారు. అందరూ వెళ్ళేది దానికోసమే.

అక్కకు అరవై నాలుగు. తొమ్మిదో ఏట భూమి మీది నుంచి వచ్చింది. నేను ఇక్కడే పుట్టాను. బాయి బడిలో పద్నాలుగు మంది పిల్లలకు అక్కే టీచరు. ఈమధ్య ఆ పిల్లలు ఒక మాట పట్టుకున్నారు. భూమి అనేది లేదట, పెద్దవాళ్ళు పని చేయించుకోవడానికి చెప్పే కథట. తిడితే ఊరుకునే రకం కాదు. అక్క అక్కడే పుట్టిందంటే, చిన్నప్పుడు కలగన్నావంటారు. చివరికి వాళ్ళే అక్కతో ఒప్పందం చేసుకున్నారు: నువ్వు చూసొచ్చి చెప్పు టీచర్, నువ్వు చెప్తె నమ్ముతం. డాక్టరు మాత్రం అక్క గుండెకు ఒక్క పోకడ, ఒక్క రాకడ, అంతకుమించి వద్దని ఖరాఖండిగా చెప్పాడు. కాబట్టి ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఇవాళ పాత పేజీలన్నీ మళ్ళీ చదివాను. భూమిగది కట్టాక మొదట వెళ్ళింది అక్క పెనిమిటి, మా రాయమల్లు బావ. ఇరవై నాలుగేళ్ళ కిందట. అక్క కాలు విరిగి మంచాన ఉంటే ఆమె వంతు తనతో మంచు కొట్టే దుర్గయ్యకు ఇచ్చి తీసుకెళ్ళాడు. బావ రాసిన వాక్యం బాయిలో అందరికీ నోటికొచ్చు: “గుండ్రంగా, నీలంగా ఉంది. ఎడమ పక్కన తెల్లటి మబ్బు, దున్నపోతు కొమ్ములాగా వంకర తిరిగి ఉంది.” బడి గోడ మీద ఆ కొమ్ముతో సహా భూమి బొమ్మ ఉంది, పిల్లలు ఏటా దానికి రంగు పూస్తారు. తర్వాత వెళ్ళిన మూడు జట్లూ ఆ కొమ్ము గురించి రాశాయి. బావ పోయి పదేళ్ళవుతోంది. ఆయన చూసినదాన్నే మేమూ చూడబోతున్నామంటే బాగుంది.

ప్రయాణానికి అమావాస్య పక్షం పనికిరాదని మా పెద్దల పట్టింపు. భోజనశాలలో భూమి నుంచి వచ్చిన పంచాంగం వేలాడుతుంటుంది, దాని ప్రకారం అన్ని జట్లూ పౌర్ణమికే వెళ్ళాయి. మేమూ అంతే. భూమిగదికి పౌర్ణమి పొద్దున మొదటి ఆట దొరికింది. మూడు రోజులకూ పట్టీ గీశాను. ఏ ట్రాము ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ ఎంతసేపు చూడాలి, నిమిషాలతో సహా.

మాఘ శుద్ధ త్రయోదశి. నెలపట్నం.

రోత. వేరే మాట దొరకడం లేదు.

గంతులబండిలో తొమ్మిది గంటలు. కిటికీ లేదు. ఎగిరినప్పుడు కడుపు గొంతులోకి, దిగినప్పుడు గొంతు కడుపులోకి. నలభై మందిమి ఎక్కితే ముప్పై మంది కక్కుకున్నారు. దిగిన స్టేషనులో నేలంతా అదే. దాన్ని దాటుకుంటూ బయటికొస్తే గోడకు పెద్ద కాగితం: ‘కడగడానికి మనుషులు కావలెను. పనిచేసినన్ని రోజులు గాలి, గది, భోజనం.’ కాగితం పసుపు పచ్చబడి ఉంది. ఎవరూ రావడం లేదన్నమాట. రారు కూడా.

ఇక్కడి గాలి పీల్చడానికి మాకు గాలిచీటీ ఇచ్చారు. మెడలో వేసుకోవాలి. పాడ్యమి మధ్యాహ్నం వరకే చెల్లుతుంది, ఆ తర్వాత ఏ తలుపూ తెరుచుకోదు. చుట్టాన్ని ఇంట్లోకి రానిచ్చి, ఎప్పుడు పోతావని అడగడం ఇక్కడి మర్యాద కాబోలు.

బసలో సంచులు పెట్టాక, నా పట్టీ ప్రకారం పదీ పదికి అక్కడి రెండో నంబరు ట్రాము కదలాలి. ఎక్కి కూర్చున్నాం. పదిన్నర అయింది. కదల్లేదు. పదకొండు. కండక్టరు గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

“బండి ఎప్పుడు కదుల్తది సార్?” అని అడిగాను.

“నిండగానేనండీ.”

“టైము పట్టీ ఉన్నది గదా. పదీ పది అని రాసి ఉన్నది.”

“అది ఆఫీసు వాళ్ళ కోసం రాసిందండీ. ఇరవై నాలుగు మంది ఎక్కితేనే బండికి తాళం తిరుగుద్ది. నేను మాత్రం ఏం చేస్తాను?”

చంద్రుడి మీద ఊరు కట్టి, నేల కింద దీపాలు పెట్టి, గాలిని డబ్బాల్లో చేసి, చివరికి బండిని మాత్రం నిండేదాకా కదలనివ్వని పద్ధతి పెట్టుకున్నారు. పదకొండూ నలభైకి కదిలింది. అదైనా తిన్నగా వెళ్ళిందా అంటే లేదు. ప్రతి మలుపులోనూ దుకాణాల వీధుల్లోకి తిరగడం, పావుగంట ఆగడం, దిగి కొనుక్కోండి అని గొంతు చించుకోవడం. దిగనివాళ్ళ వైపు కండక్టరు కొరకొర చూడటం. పైగా ట్రాములో ఒక వాసన చల్లుతారు. వాన పడిన మట్టి వాసనట, భూమి గుర్తుకు రావడానికి.

“గిట్లుండదురా,” అంది అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. “గిది తడిసిన గోనెసంచి వాసన.”

మొదటి రోజు చూడాల్సినవి నాలుగు రాసుకున్నాను. చూసింది ఒకటి. అద్దాల గదిలో మామిడి చెట్టు. వరుసలో గంటన్నర నిలబడితే ఆకు దగ్గర ఒకసారి ముక్కు పెట్టి వాసన చూడనిస్తారు. మా ముందు నిలబడినాయన తుమ్మాడు. ఆకు మీదే. తర్వాత మా వంతు. నేను వద్దన్నాను. అక్క మాత్రం కొంగుతో ఆకు తుడిచి, వాసన చూసి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది. కాపలా ఆవిడ పొమ్మనేదాకా కదల్లేదు.

మాఘ శుద్ధ చతుర్దశి. నెలపట్నం.

పట్టీలో ఇవాళ చూడాలని రాసుకున్నవన్నీ కొట్టేశాను. భూమిగది దాకా దారి ఒకసారి పోయి చూసుకుందామని అక్కతో బయలుదేరాను. కొత్త పట్టాల మీద ముందు ఖాళీ టబ్బు పంపి చూడటం మా పద్ధతి. రేపటి ఆట ఎనిమిదింటికి. అది తప్పితే మరో రోజు లేదు. నలభై నిమిషాల దారి అని కాగితంలో ఉంది. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. బస దగ్గర ట్రాము నిండటానికే రెండు గంటలు. మూడుసార్లు మారాలి, మూడుచోట్లా నిండాలి. అక్క నా ముఖం చూసి, “ఇంట్ల తిననోని లెక్క అందర్ని అట్ల చూడకురా, భయపడ్తుండ్రు,” అంది.

మధ్యలో ఒక చోట బండి ఆపి అందరినీ దించేశారు. ఊరికి పెద్ద వింత అట, చూసి తీరాలట. వెళ్ళి చూస్తే నీళ్ళు. నేల నుంచి రెండు నిలువుల ఎత్తు ఎగిరి, కింద గచ్చు మీద పడి, కాలువలో పారుతున్నాయి. జనం కాళ్ళు పెట్టి ఆడుకుంటున్నారు. ఒకాయన చెప్పులు కడుక్కుంటున్నాడు. ఒక తల్లి పిల్లాడికి నోరు పుక్కిలించి అందులోనే ఉమ్మడం నేర్పుతోంది.

పక్కన పలక మీద రాసి ఉంది: ఈ నీరు చంద్రుడి వెనకవైపు గనుల నుంచి వస్తుంది.

అంటే మాది. మా ఆరో బాయిలో మనిషికి రోజుకు ఎనిమిది గ్లాసులు. తల కడుక్కోవడం పదిహేను రోజులకోసారి. మంచు కొట్టేవాళ్ళ వేళ్ళు చలికి నల్లబడి రాలిపోవడం నేను కళ్ళతో చూశాను, మా బావ చేతికి మూడే వేళ్ళుండేవి. ఆ వేళ్ళు పెట్టి తీసిన మంచు, నేను నిమిషం తప్పకుండా పంపిన టబ్బుల్లో వచ్చి, ఇక్కడ ఎవడి చెప్పులో కడుగుతోంది. గంతులబండిలో కక్కుకోని నేను ఆ పలక వెనక్కి వెళ్ళి కక్కుకున్నాను.

అక్క నా వీపు రాసి, దోసిలితో ఆ నీళ్ళే పట్టి ముఖం కడిగింది. “మన నీళ్ళే గదా, మనమన్న వాడుకోవాలె,” అంది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం కూర్చుని బుర్ర పెట్టాను. ఈ ఊళ్ళో ట్రాములకు టైము లేదు, కాని జనానికి ఉంది. గంతులబండ్లు మాత్రం టైముకే దిగుతాయి. దిగిన నలభై మందీ ఒక్కసారే ట్రాములెక్కుతారు. కాబట్టి బస దగ్గర కాకుండా స్టేషను దగ్గరే ఎక్కాలి. పొద్దున అయిదూ ఇరవైకి ఒక బండి దిగుతుంది. దానికంటే ముందే మేము బస నుంచి నడిచి అక్కడికి చేరాలి. వాళ్ళు గోపురం వీధి వరకు వెళ్ళే జనమే అయితే మాకు మారడాలు కూడా తగ్గుతాయి. పాత పట్టీ చింపేసి కొత్తది గీశాను.

మాఘ పౌర్ణమి. నెలపట్నం.

నా పట్టీ నెగ్గింది. అయిదూ ఇరవై అయిదుకు స్టేషను ట్రాము నిండింది. బోలెడు కంపు కొడుతూ నిండింది, అయినా నిండింది. ఏడుంబావుకల్లా గోపురం కింద ఉన్నాం. అక్క నా భుజం తట్టింది. మూడు రోజుల్లో నాకు బాగుందనిపించింది ఆ ఒక్క నిమిషమే. అందుకే రాసిపెడుతున్నాను.

గోపురం దగ్గర వరుస లేదు. తుమ్ములు పడిన మామిడాకుకు గంటన్నర వరుస ఉన్న ఊళ్ళో భూమిని చూడటానికి ఒక్కడూ లేడు. బాయివాళ్ళ అదృష్టమనుకున్నాను. ఎంత తెలివితక్కువ మనిషిని.

లోపల గుండ్రటి గది, వంద కుర్చీలు, మేమిద్దరం. పైకప్పు నల్లగా ఉంది. నీహారిక అని గుడ్డ మీద పేరు కుట్టుకున్న అమ్మాయి వచ్చి కూర్చోమంది. దీపాలు ఆర్పింది. పాట మొదలైంది. మా తలల మీద భూమి వెలిగింది.

గుండ్రంగా, నీలంగా. ఎడమ పక్కన తెల్లటి మబ్బు, దున్నపోతు కొమ్ములాగా వంకర తిరిగి.

నా కళ్ళు చెమర్చాయి. బావ పక్కనే కూర్చున్నట్టు అనిపించింది. “అక్కా, కొమ్ము,” అన్నాను. తిరిగి చూస్తే ఆమె భూమిని చూస్తున్నట్టు లేదు, తప్పు లెక్క చేసిన పిల్లాడి పలకను చూస్తున్నట్టు చూస్తోంది.

“ఓదెలూ. మబ్బు గదే ఉన్నదిరా.”

“అదే గదక్కా. బావ చూసిందే.”

“నువ్వు మబ్బును ఎన్నడన్న చూసినవా? మబ్బు ఉండదురా. పొద్దుగాల ఉన్నది మాపటికి ఉండది. గాలికి పోతది. ఇర్వై నాలుగేండ్లు ఒక్కతీరుగ ఎట్లుంటది?”

నాకు తెలియదు. చంద్రుడి మీద పుట్టినవాణ్ణి, మబ్బు కూడా కొండలాగా ఉన్నచోటే ఉంటుందనుకున్నాను. బాయిలో సగం మంది అలాగే అనుకుంటారు.

అక్క లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. “ఇది ఎప్పటిదమ్మా?”

“ఈ గది కట్టినప్పుడు తీసిన చిత్రమండీ. పాతికేళ్ళవుతోంది. పౌర్ణమికి అటూ ఇటూ ఇదే వేస్తాం.”

“అద్దంల నుంచి చూపియ్యరా?”

“ఇప్పుడు కనిపించదండీ. భూమ్మీద వాళ్ళకి చంద్రుడు నిండుగా కనిపించే రోజున సూర్యుడు భూమి వెనకాల ఉంటాడు కదా. మనవైపు ఉండేది దాని చీకటి వీపు. పక్కనే సూర్యుడు ఉంటాడు కాబట్టి చూస్తే కళ్ళు పోతాయి. అందుకే అద్దానికి నల్ల తలుపు వేసేస్తాం. అమావాస్యకి రండి. అక్కడ చంద్రుడు కనిపించని రోజున ఇక్కడ నిండు భూమి. అప్పుడు నిలబడ్డానికి కూడా చోటుండదు.” ఆ పిల్ల మా మెడలో చీటీలు చూసింది. “ఆరో బాయి వాళ్ళా? మీవాళ్ళు ఎప్పుడూ పౌర్ణమికే వస్తారని మా పెద్దావిడ అంటుండేది.”

“మా బాయోళ్ళు అచ్చినప్పుడు గూడ ఇట్లనే అడుగుతరా?” అని అడిగాను.

“అందరూ అడుగుతారండీ. చెప్తాం. చెప్పాక ఏమీ అనకుండా వెళ్ళిపోతారు.”

చెప్పాక.

అంటే బావకు తెలుసు. దుర్గయ్యకు తెలుసు. ఆ తర్వాత వెళ్ళిన ఆరుగురికీ తెలుసు. నల్ల తలుపు కింద కూర్చుని, పాత బొమ్మ చూసి, అది బొమ్మ అని తెలిసి, వచ్చి ఈ పుస్తకంలో, ఇదే కాగితం మీద, కళ్ళతో చూశామని రాశారు. ఒకడు చెప్పిన అబద్ధం బయటపడుతుందని రెండోవాడు పౌర్ణమి వద్దని చెప్పలేదు. వాడి కోసం మూడోవాడు. ఈ ఊరి కంపు, ఆ నీళ్ళలో ఉమ్మడం, అవన్నీ పరాయివాళ్ళ పనులు, తిట్టుకుంటే సరిపోతుంది. ఇది మావాళ్ళ పని. ఈ పుస్తకాన్ని చేత్తో పట్టుకోవడానికే అసహ్యం వేసింది.

చీకటి గదిలో ఆ పాట ఇంకా వస్తూనే ఉంది. “బావ గూడ అబద్ధమాడిండు,” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

“నాకు అనుమానమే ఉండె,” అంది అక్క. “ఆయన తర్వాత పోయినోళ్ళు గూడ కొమ్ము అని సదివినప్పటి సంది. పద్దెనిమిదేండ్లు. ఆయన్ను అడుగలె. అడిగితె ఏం జెప్తడో అని భయం. ఆయన పోయినంక ఇగ అడుగుదామంటె మనిషి లేడు. అందుకే నేనొచ్చిన.”

“మరి పిల్లలతోని ఆ కొమ్ము ఎందుకు గీయిస్తివి?”

“గదే నా తప్పు. నెలకోసారి చంద్రుడు ఎట్ల పెరుగుతడో, ఎట్ల తరుగుతడో బోర్డు మీద రాసి చెప్పినదాన్ని. అక్కడి నుంచి చూస్తె ఎట్లుంటడో చెప్పిన. ఇక్కడి నుంచి చూస్తె భూమి ఎట్లుంటదని ఒక్కనాడు ఆలోచించలె. టీచర్నంట నేను.”

అక్క కుర్చీ చేతిని అరచేత్తో కొట్టింది. నేను ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు. ఆమెకు బావ మీద కంటే తన మీదే ఎక్కువ కోపంగా ఉందని అర్థమైంది. పిల్లలు అనుమానపడింది సరైన అనుమానమే. వాళ్ళ దగ్గరికి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? చూశామంటే తొమ్మిదో అబద్ధం. చూడలేదంటే ఇక భూమి లేనట్టే, మళ్ళీ ఆరేళ్ళ వరకు చెప్పేవాళ్ళు లేరు, అప్పటికి ఆ పిల్లలు టబ్బులు తోస్తుంటారు.

మాఘ బహుళ పాడ్యమి. గంతులబండి స్టేషను.

పది నిమిషాల్లో బండి. తొందరగా రాస్తున్నాను.

అక్క రావడం లేదు.

పొద్దున లేచేసరికి ఆమె గదిలో లేదు. స్టేషనుకు వచ్చి చూస్తే పసుపుపచ్చ కాగితం గోడకు లేదు, ఆమె చేతిలో ఉంది. నీలం రంగు గౌను, మోకాళ్ళ దాకా బూట్లు, ఒక బకెట్టు, చీపురు. మెడలో కొత్త గాలిచీటీ, పదిహేను రోజులకు, అంటే అమావాస్య దాటేదాకా.

“పిచ్చి లేసిందా అక్కా,” అన్నాను. “నువ్వు టీచరువు. ఈ వయసుల మందివి కక్కులు కడుగుతవా?”

“పద్నాలుగు మంది చిన్నపిల్లలను పెంచినోళ్ళకు ఇదో లెక్క కాదురా.”

“డాక్టరు ఏమన్నడు?”

“ఒక్క పోకడ, ఒక్క రాకడ అన్నడు. ఎన్ని దినాలకు రావాలెనో చెప్పలె.”

నేనుంటానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నేను ఆగితే బాయిలో టబ్బులు ఆగుతాయి. పైగా పుస్తకం చదవాలి. తిరిగొచ్చిన మర్నాడు చదవడం ఆచారం.

“ఏం చదవాల్నక్కా? బావ పేరు గూడ చదవాల్నా?”

ఆమె బకెట్టు కింద పెట్టింది. ఎదురుగా దిగిన జనంలో ఒకావిడ అప్పుడే కడుపు పట్టుకుని వంగింది. అక్క అటు చూస్తూనే చెప్పింది. “చూసింది చదువు. ఆయన పేరు దాస్తే ఇగ ఆ పుస్తకం ఎందుకురా.”

ఆ తర్వాత చీపురు తీసుకుని అటు వెళ్ళిపోయింది. వాసనకు నేను ముక్కు మూసుకున్నాను. ఆమె మూసుకోలేదు. బండి పిలుస్తున్నారు.

మాఘ బహుళ విదియ. ఆరో బాయి.

చదివాను. ద్వాదశి నుంచి పాడ్యమి దాకా, ఒక్క అక్షరం వదలకుండా. నీళ్ళ దగ్గర జనం పళ్ళు కొరికారు. ట్రాము దగ్గర నవ్వారు. భూమిగది పేజీ తిప్పాను. బావ పేరు, దుర్గయ్య పేరు చదివాను. పాత పేజీలు తిప్పి మిగతా ఆరుగురి పేర్లూ చదివాను. వాళ్ళలో నలుగురు నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. నలుగురూ కంచాల్లోకి చూస్తున్నారు.

దుర్గయ్య లేచాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, బల్ల పట్టుకుని లేచాడు.

“నల్లగనే ఉండె,” అన్నాడు. “తలుపు మూసిండ్రు. బొమ్మ ఏసిండ్రు. ఉన్నది ఉన్నట్టు చెప్పుదామని నేనన్న. రాయమల్లు వద్దన్నడు. ‘సారక్క కాలిరిగి మంచంల ఉన్నది, తన వంతు నీకిచ్చింది, పోయి నల్ల పలక చూసొచ్చిన్నని చెప్పాల్నా’ అన్నడు. ఒక్క మనిషి కోసం చెప్పిన అబద్ధం. ఊరంత నోటికి నేర్చుకుంటదని మాకేం తెలుసు.”

కూర్చున్నాడు. నాకు దుర్గయ్య మీద జాలి కలగాలి కాబోలు. కలగలేదు. ఇరవై నాలుగేళ్ళు ఆ కొమ్ము మాట వింటూ మాతో కూర్చుని అన్నం తిన్నాడు. బావ మీద కూడా ఇంకా కలగలేదు.

పిల్లలు పద్నాలుగు మందీ నా దగ్గరికి వచ్చారు. పెద్దది, లావణ్య, చేతులు కట్టుకుని అడిగింది. “అయితె భూమి లేదా మామా?”

ఉందనడానికి నోరు తెరిచాను. పుస్తకం నా చేతిలోనే ఉంది.

“నాకు తెల్వది బిడ్డా,” అన్నాను. “నేను చూడలె.”

అందరూ వెళ్ళాక పంచాంగం మీద అమావాస్య గడి చుట్టూ గీత గీశాను. వచ్చే వంతు వాళ్ళు ఆ రోజుకే వెళ్ళాలని కింద రాశాను. తిథి మంచిది కాదనేవాళ్ళు నా దగ్గరికి రావచ్చు.

మాఘ అమావాస్య. ఆరో బాయి.

అక్క నెలపట్నం నుంచి తీగ ఫోనులో మాట్లాడింది. గొరగొర శబ్దంలో మూడు నిమిషాలు. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

“రాస్కో ఓదెలూ. ముందుగాల నీలం కనవడదు. తెలుపు కనవడ్తది. నీలం ఎన్కకు ఉంటది. నేననుకున్న దానికంటె చిన్నగున్నది, బొటనేలు సాపితె దాసుకోవచ్చు. కొమ్ము లేదు. కాళ్ళు గుంజినా నాలుగు గంటలు నిలవడ్డ, నీహారిక పోనియ్యలె నన్ను ఎవ్వరు తోసినా. నాలుగు గంటలల్ల మబ్బు జరిగిందిరా. నా కండ్ల ముందటనే జరిగింది.”

తర్వాత ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. గొరగొరే వినిపించింది. చేతులు బాగానే ఉన్నాయా, బూట్లు కరుస్తున్నాయా అని అడిగాను. కంపుకు అలవాటు పడిందట. రేపటి బండికి బయలుదేరుతుందట.

తీగ గది బయట పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఏం చెప్పింది, ఏం చెప్పింది అని నా చొక్కా పట్టుకుని లాగారు. చెబుదామని నాకెంత ఉబలాటంగా ఉందో ఈ పుస్తకానికే తెలియాలి. చెప్పలేదు. చూసింది నేను కాదు. పై నాలుగు వరుసల పక్కన ‘విన్నది’ అని రాసి, పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను. రేపొస్తది, నిలబడి తనే చెప్తది, అప్పటిదాకా ఆగుండ్రి అన్నాను.

అలిగి వెళ్ళిపోతారనుకున్నాను. బడి వైపు పరుగెత్తారు. వెనకే వెళ్ళి చూశాను. బల్లలెక్కి, తడిగుడ్డలతో గోడ మీది కొమ్మును చెరుపుతున్నారు. ఇరవై నాలుగేళ్ళ రంగు, అంత తొందరగా పోదు. ఇవాళ్టి తాగేనీళ్ళు సగం దానికే పోశారు, నేను చూడనట్టు ఊరుకున్నాను. కొమ్ము పోయాక ఆ చోట ఏమీ గీయలేదు. ఖాళీగా ఉంచారు.